కారు బ్యాటరీ ఏల దిగిపోవును?

తెల్లవారుజామున ప్రయాణమునకు సిద్ధపడి, సామానులన్నియు కారులో సర్దుకొని, తాళపుచెవి త్రిప్పగా టిక్కుటిక్కుమను చప్పుడు తప్ప ఇంజను కదలకపోవుట నేడు చాలమందికి అనుభవములోని విషయమే. ఒకసారి ఇట్లు జరిగినచో ఏ దీపమునో ఆర్పుట మరచితిమని సరిపెట్టుకొందుము. మాటిమాటికి జరుగుచున్నచో మాత్రము కారణము వెదకక తప్పదు. కారణము వెదకకుండ క్రొత్త బ్యాటరీ కొనుట, జ్వరము తగ్గలేదని దుప్పటి మార్చుట వంటిది.

ఈ విషయమును గురించి వ్రాయుటకు మాకొక కారణము కలదు. మెదకు జిల్లాలో రేగోడు ఒక మండల కేంద్రము. అచ్చట మా పినతండ్రి కుమారుడొకడు కిరాయి కారు నడుపుకొని జీవించుచున్నాడు. పెండ్లిండ్లకును జాతరలకును అతని కారు పోవును. అంతకంటె ముఖ్యముగ, రాత్రివేళ ఎవరికైన ఆపద వచ్చినచో మెదకునకో సంగారెడ్డికో చేర్చుటకు ఆ వాడవారు మొదట తట్టునది అతని తలుపే. ఒకనాటి రాత్రి పొరుగింటివారి కోడలికి పురిటినొప్పులు ప్రారంభమైనవి. కారు కదలలేదు. నలుగురు కూడి త్రోసినను ప్రయోజనము లేకపోయెను. చివరకు వేరొకరి ఆటోలో ఆమెను తీసికొనిపోయిరి. తల్లియు బిడ్డయు క్షేమముగనే యున్నారు గాని, ఆ రాత్రి నుండి మావానికి కంటిమీద కునుకు లేదు.

"అన్నా, ఆర్నెల్లల్ల రెండు బ్యాటరీలు మార్చిన. అప్పుజేసి తెచ్చిన. అయినా బండి చాలైతలేదు. ఇగ రాత్రిపూట నా తలుపు ఎవలు తడ్తరు?" అని మాతో వాపోయెను.

బ్యాటరీ అమ్మినవాడు మోసగించెనని అతని అనుమానము. కారును సరిగ చూచుకొనుట లేదని అమ్మినవాని వాదము. ఇరువురి మాటలోను నిజము లేదని తరువాత తేలినది. ఎట్లు తేలినదో చెప్పుటకు ముందు బ్యాటరీ స్వరూపమును కొంత తెలిసికొనవలెను.

కారులో నుండునది సీసపు పలకల సంచాయక ఘటము. 1859లో గాస్టన్ ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనిని కనుగొనెను. 1881లో కమీల్ ఫోర్ అను మరియొక ఫ్రెంచి దేశీయుడు పలకలపై సీసపు ముద్దను పూయు పద్ధతిని కల్పించి దానిని వ్యాపారమునకు అనువుగ చేసెను. కారునకును బ్యాటరీకిని విడరాని బంధము కలిగినది 1912లో. అంతకు పూర్వము ఇంజనును చేతితో హాండిలు త్రిప్పి కదలించెడివారు. హాండిలు వెనుకకు తన్ని మణికట్టులు విరిగిన సందర్భములు పెక్కు. ఛార్లెసు కెటరింగు అను అమెరికా దేశపు ఇంజనీరు రూపొందించిన విద్యుత్ స్టార్టరును 1912లో కాడిలాక్ కారులలో అమర్చిరి. అప్పటి నుండి ఇంజనును నిద్రలేపు భారము బ్యాటరీపై పడినది. తెలుగునాట ఈ పరిశ్రమ చెప్పుకొనదగినట్లు పెరిగినది. 1985లో గల్లా రామచంద్ర నాయుడు తిరుపతి సమీపమున నెలకొల్పిన అమర రాజా సంస్థ 2000 సంవత్సరమున అమరాన్ అను పేర మోటారు బ్యాటరీలను విపణిలోనికి తెచ్చినది.

పన్నెండు వోల్టుల బ్యాటరీలో ఆరు గడులుండును. ఒక్కొక్క గడిలో సీసపు పలకలును, సీసపు డయాక్సైడు పూసిన పలకలును ఒకదాని ప్రక్కన ఒకటి నిలచి, నీరు కలిపిన గంధకికామ్లములో మునిగియుండును. విద్యుత్తు బయటికి ప్రవహించినప్పుడు రెండు విధముల పలకలపైనను సీసపు గంధకితము ఏర్పడును. ఆమ్లము పలుచబడి నీరగును. విద్యుత్తును లోనికి పంపినచో పలకలు తమ పూర్వరూపమును పొందును. ఆమ్లము మరల చిక్కబడును. నిండుగనున్న గడి సుమారు 2.1 వోల్టులు చూపును. ఆరు గడులు కలిసి 12.6 వోల్టులు.

ఈ బ్యాటరీని మన ఊరి చెరువుతో పోల్చి చూచినచో తక్కినదంతయు సులభముగ బోధపడును. చెరువు ఎండిపోవుటకు కారణములు నాలుగు. పైనుండి వాగు రాకపోవచ్చును. ఎక్కడనో గండిపడి నీరు రహస్యముగ పోవుచుండవచ్చును. చెరువు పూడుకొనిపోయి నీరు పట్టు చోటే లేకపోవచ్చును. లేదా చెరువు నిండుగనే యుండి, కాలువలో తుంగ బలిసి పొలమునకు నీరు చేరకపోవచ్చును. బ్యాటరీ విషయమునను సరిగ ఈ నాలుగే కారణములు. ఏది కారణమో తెలియక చెరువును దూషించుట తగదు.

మొదటిది వాగు. కారులో వాగు వంటిది ఆల్టర్నేటరు. ఇంజను తిరుగుచున్నంతసేపు ఒక బెల్టు సహాయముతో ఇది తిరిగి విద్యుత్తును పుట్టించి, కారు అవసరములను తీర్చి, మిగిలినదానిని బ్యాటరీలో నింపును. బెల్టు వదులైనను, ఆల్టర్నేటరులోని బొగ్గుముక్కలు అరిగినను, నియంత్రకము చెడినను వాగు సన్నగిల్లును. దీనికి గుర్తు ఏమనగా, కారు దారిలో నుండగనే దీపములు మందగించును. పలకపైనున్న ఎర్రని బ్యాటరీ దీపము వెలుగును. దూరప్రయాణము చేసి వచ్చినను మరునాడు కారు లేవదు.

రెండవది గండి. కారు నిలిచియున్నప్పుడు కూడ కొంత విద్యుత్తు ఖర్చగుచునే యుండును. గడియారము, దొంగల భయమునకు పెట్టిన గంట, తలుపుల తాళము, ఇంజనును నడుపు చిన్న కంప్యూటరు, ఇవి పూర్తిగ నిద్రపోవు. ఈ ఖర్చు సామాన్యముగ 50 మిల్లీ ఆంపియరులకు మించరాదు. అనగా దినమునకు 1.2 ఆంపియరు గంటలు. ఇంతమాత్రము ఖర్చునకు మంచి బ్యాటరీ పలువారములు తట్టుకొనును. డిక్కీలోని దీపము ఆరకపోయినను, ఒక రిలే అతుక్కొనిపోయినను, తరువాత అమర్చుకొన్న పరికరములు నిద్రపోకున్నను ఈ ఖర్చు పదింతలగును. దీనికి గుర్తు, ప్రతిదినము నడిపినచో కారు చక్కగ లేచును. రెండుమూడు దినములు నిలిపినచో లేవదు.

మూడవది పూడిక. 2015లో మన రాష్ట్రమున మిషన్ కాకతీయ పేర చెరువుల పూడిక తీసినప్పుడు, ఎన్నో చెరువులు పేరునకు నిండినను సగము నీరైన పట్టుట లేదని చూచితిమి. బ్యాటరీని దిగిపోయిన స్థితిలో చాలకాల ముంచినచో పలకలపై నేర్పడిన గంధకితము గట్టి స్ఫటికములై, ఎంత చార్జి చేసినను కరగకుండ నిలచిపోవును. నీరు తగ్గి పలకలు గాలి తగిలినను ఇదే గతి. దీనికి గుర్తు, చార్జరుపై పెట్టినప్పుడు వెంటనే నిండినట్లు కనబడి, దీపము వేసిన కొలదిసేపటికే దిగిపోవును. ఒక గడి లోపల పూర్తిగ చెడినచో, ఎంతసేపు చార్జి చేసినను వోల్టుమీటరు పన్నెండున్నరకు బదులు పదిన్నర వద్దనే నిలచును.

నాలుగవది కాలువ. బ్యాటరీ ధ్రువములపై తెల్లగనో పచ్చగనో పొడి పేరుకొనుట అందరు చూచినదే. ఆ పొడి విద్యుత్తు దారికి అడ్డు. ఇంజనును కదలించుటకు చిన్న కారులకే నూరు, నూటయేబది ఆంపియరుల ప్రవాహము కావలెను. దీపము వెలుగుటకు కొలది ఆంపియరులు చాలును. కనుకనే కొన్ని సమయములలో దీపములు చక్కగ వెలుగును గాని ఇంజను మాత్రము కదలదు. ఇట్టి సందర్భమున వంటసోడా కలిపిన వేడినీటితో ధ్రువములను కడిగి, ఆరనిచ్చి, గరుకు కాగితముతో రుద్ది, పట్టీలను గట్టిగ బిగించి, కొంచెము పెట్రోలియము జెల్లీ పూసినచో ఖర్చులేని చికిత్స జరిగినట్లే. ఇంజనునకును కారు శరీరమునకును నడుమనుండు మట్టితీగ చివరలను కూడ చూడవలెను.

ఈ నాలుగింటిలో ఏది దోషమో కనుగొనుటకు గొప్ప యంత్రములు అక్కరలేదు. కొన్ని వందల రూపాయలకు దొరకు మల్టీమీటరు చాలును. అయితే పరీక్షలను ఒక క్రమముగ చేయవలెను.

ముందుగ ధ్రువములను శుభ్రపరచవలెను. తరువాత బ్యాటరీని చార్జరుపై రాత్రియంతయు ఉంచి పూర్తిగ నింపవలెను. అరగంట కారు నడిపినచో పూర్తిగ దిగిపోయిన బ్యాటరీ నిండునని చాలమంది భావింతురు. అది నిజము కాదు. చివరి అయిదవ వంతు నిండుటకే కొన్ని గంటలు పట్టును. చార్జరు తీసివేసి కొన్ని గంటలు విశ్రాంతి నిచ్చిన పిదప వోల్టులు కొలువవలెను. 12.6 ఉన్నచో నిండుగనున్నది. 12.2 ఉన్నచో సగము. 12 ఉన్నచో పాతికవంతు మాత్రమే మిగిలినది. మూతలు తీయుటకు వీలైన బ్యాటరీ యైనచో హైడ్రోమీటరుతో ఆమ్లపు విశిష్ట గురుత్వమును కూడ చూడవచ్చును. నిండుగనున్నప్పుడు సుమారు 1.265, దిగిపోయినప్పుడు 1.120 ప్రాంతమున నుండును. ఐదు గడులు ఒకరీతిగ నుండి ఒక్కటి మాత్రము బాగుగ తగ్గినచో ఆ బ్యాటరీకి కాలము తీరినదని గ్రహింపవలెను.

పిమ్మట ఇంజనును కదలించుచు వోల్టుమీటరును చూడవలెను. మంచి బ్యాటరీ ఆ భారమున కూడ 9.6 వోల్టులకు దిగువకు పోరాదు. ఇంజను నడుచుచున్నప్పుడు ధ్రువముల నడుమ 13.8 నుండి 14.4 వరకు కనబడినచో వాగు బాగుగ పారుచున్నది. నేటి కొన్ని కారులలో కంప్యూటరు అవసరమును బట్టి ఈ ప్రవాహమును హెచ్చించి తగ్గించుచుండును గనుక, కొంత హెచ్చుతగ్గు కనబడినంత మాత్రమున తొందరపడరాదు. ఆల్టర్నేటరును పరీక్షించు నెపమున ఇంజను నడుచుచుండగ బ్యాటరీ తీగను ఊడదీయు పాత అలవాటు మాత్రము పూర్తిగ మానవలెను. వోల్టులు ఒక్కసారిగ పెచ్చుపెరిగి కారులోని కంప్యూటరును చెరుపవచ్చును.

ఇక గండిని వెదకు పద్ధతి. తాళపుచెవి తీసి, దీపములన్నియు ఆర్పి, తలుపులు మూసి, మీటరును పది ఆంపియరుల మెట్టుపై పెట్టవలెను. బ్యాటరీ రుణధ్రువము నుండి పట్టీని విప్పి, ఆ ధ్రువమునకును పట్టీకిని నడుమ మీటరును చేర్చవలెను. ఇప్పుడు కారు వాడుకొను విద్యుత్తంతయు మీటరు గుండ పోవలసినదే. మొదట కొన్ని ఆంపియరులు కనబడినను భయపడరాదు. కారులోని కంప్యూటరులు నిద్రపోవుటకు అరగంట, ఒక్కొకప్పుడు గంట పట్టును. మీటరు ఇట్లు చేర్చియుండగ ఇంజనును కదలింపరాదు. కదలించినచో మీటరు కాలిపోవును. గంట తరువాత కూడ ప్రవాహము 50 మిల్లీ ఆంపియరులకు చాల మించియున్నచో, ఫ్యూజులను ఒక్కొక్కటిగ తీయుచు మీటరును గమనింపవలెను. ఏ ఫ్యూజు తీసినప్పుడు అంకె దిగునో ఆ దారిలోనే గండి యున్నది.

ఇప్పుడు రేగోడు కారు సంగతి చెప్పెదము. మేము ఆ యూరికి పోయినప్పుడు మొదట మావానిని ప్రశ్నించినది ఒక్కటే: "ఏ దినములలో కారు లేవదు?" అతడు కొంత ఆలోచించి, కిరాయిలు లేక రెండు దినములు ఇంటిముందు నిలచినప్పుడే అట్లగుచున్నదని చెప్పెను. పెండ్లిండ్ల కాలమున ఒక్కసారియు కారు మొరాయింపలేదు. ఈ ఒక్క జవాబుతోనే సగము దారి తెలిసినది. నిలిచియున్నప్పుడు దిగిపోవుచున్నదనగా అది గండియే కావలెను.

అయినను క్రమము తప్పలేదు. ధ్రువములు శుభ్రముగనున్నవి. రాత్రియంతయు చార్జి చేసిన బ్యాటరీ ఉదయమునకు 12.6 చూపినది. ఇంజను నడుచుచుండగ 14.1. వాగునకు లోటు లేదు. పిమ్మట మీటరును రుణధ్రువమున చేర్చి గంటసేపు వేచితిమి. అంకె 0.6 ఆంపియరు వద్ద నిలచినది. ఉండవలసినదానికి పన్నెండింతలు! ఫ్యూజులన్నియు ఒక్కొక్కటిగ తీసితిమి. అంకె కదలలేదు. చూచుచున్న మెకానికు సైతము ఆశ్చర్యపడెను.

ఫ్యూజులు తీసినను ప్రవాహము ఆగలేదనగా, ఆ పెట్టెలోనికి రాకుండ నేరుగ బ్యాటరీ నుండి పోవు తీగ ఏదియో యుండవలెను. వెదకగా ధనధ్రువము నుండి ఒక ఎర్రని తీగ బయలుదేరి, కాళ్లక్రింది తివాచీ అడుగున దాగి, వెనుక సీటు క్రిందికి పోయినది. అచ్చట పాటల పెట్టెకు జతచేసిన ఆంప్లిఫయరు కలదు. దానిపై చేయి వేసి చూచితిమి. రాత్రియంతయు నిలచియున్న కారులో అది గోరువెచ్చగనున్నది. దోషము దొరికినది.

అట్టి ఆంప్లిఫయరునకు రెండు తీగలు ముఖ్యము. లావుపాటి తీగ శక్తిని తెచ్చును. సన్నని తీగ "లెమ్ము, పండుకొమ్ము" అని ఆజ్ఞ నిచ్చును. ఆ సన్నని తీగను తాళపుచెవి త్రిప్పినప్పుడు మాత్రమే విద్యుత్తు వచ్చు చోట కలుపవలెను. దానిని అమర్చినవాడు తొందరలో ఎల్లప్పుడు విద్యుత్తుండు తీగకే కలిపెను. అందుచేత పాట లేకున్నను ఆంప్లిఫయరు పగలనక రాత్రియనక మేలుకొనియే యున్నది.

లెక్క చూడుడు. గంటకు 0.6 ఆంపియరు చొప్పున ఇరువదినాలుగు గంటలకు 14.4 ఆంపియరు గంటలు. రెండు దినములకు 28.8. ఆ కారు బ్యాటరీ మొత్తము 35 ఆంపియరు గంటలది. రెండు దినములు నిలచిన పిమ్మట అయిదవ వంతు కూడ మిగులదు. ఇంజను ఎట్లు కదలును?

ఇందొక విశేషము గమనింపదగినది. మొదటి బ్యాటరీని దుకాణమున పరీక్షించినప్పుడు అది నిజముగనే చెడినదని తేలెను. అమ్మినవాడు అబద్ధమాడలేదు. కాని అది రోగమునకు కారణము కాదు, ఫలితము. కారు బ్యాటరీలు క్షణకాలము పెద్ద ప్రవాహము నిచ్చి వెంటనే నిండుట కొరకు చేయబడినవి. మాటిమాటికి అడుగంట ఖాళీచేసినచో పూడిక పేరుకొని త్వరలో నశించును. క్రొత్తది తెచ్చిపెట్టినను గండి అట్లే యుండుటచే, అదియు కొన్నినెలలకు అదే త్రోవ పట్టినది. సన్నని తీగను సరియైన చోట కలుపగ ప్రవాహము 0.03 ఆంపియరునకు దిగినది. ఖర్చు ఒక జానెడు తీగ మాత్రమే. అప్పటి నుండి ఒక వర్షకాలము, ఒక చలికాలము గడచినవి. కారు మరల మొరాయింపలేదు. రాత్రివేళ తలుపు తట్టుటకు వాడవారు మరల వచ్చుచున్నారని మావాడు మొన్న సంతోషముతో చెప్పెను.

మన ప్రాంతపు బ్యాటరీలకు మరియొక శత్రువు ఎండ. చలిదేశములలో చలికి బ్యాటరీ బలము తగ్గును గాని, వేడిమి దాని ఆయుష్షునే హరించును. వేడిమి పది డిగ్రీలు హెచ్చినచో రసాయన క్రియల వేగము సుమారు రెండింతలగును. నలువది డిగ్రీలు దాటు మెదకు వేసవిలో, ఇంజను ప్రక్కన మరింత వేడిలో నుండు బ్యాటరీ పలకలు త్వరగ తినబడును. నీరు త్వరగ ఆవిరియగును. కనుక కారును చెట్టునీడనో పందిరి క్రిందనో నిలుపుట మేలు. మూతలున్న బ్యాటరీలలో నెలకొకసారి నీటిమట్టము చూచి, స్వేదనజలము మాత్రమే పోయవలెను. బోరు నీరు పోసినచో అందలి లవణములు పలకలను చెరుపును. తగ్గినది నీరే గనుక ఆమ్లము పోయరాదు.

కొన్ని జాగ్రత్తలు చెప్పి ముగించెదము. చార్జి అగుచున్న బ్యాటరీ నుండి ఉదజని వాయువు వెలువడును. దాని దగ్గర బీడీ వెలిగించుట, అగ్గిపుల్ల గీచి లోనికి చూచుట ప్రాణాపాయము. పట్టీలు విప్పునప్పుడు రుణధ్రువమును ముందు, బిగించునప్పుడు చివర చూడవలెను. ఆమ్లము చేతిపైగాని కంటగాని పడినచో వెంటనే ధారాళముగ నీటితో కడిగి, కంటి విషయమున వైద్యుని చూడవలెను. మరియొక కారు సహాయముతో కదలించునప్పుడు ముందుగ ధనధ్రువములను రెంటిని కలుపవలెను. తరువాత మంచి బ్యాటరీ రుణధ్రువము నుండి వచ్చు తీగ రెండవ కొనను, దిగిపోయిన బ్యాటరీపై గాక, దానికి దూరముగ ఇంజను లోహమునకు తగిలింపవలెను. నిప్పురవ్వ లేచినను వాయువు దరిచేరదు.

కాలము తీరిన బ్యాటరీని చెత్తకుప్పలో వేయరాదు. ఇంటివెనుక పగులగొట్టి సీసము కరిగించుట మరింత అనర్థకము. సీసపు పొగయు పొడియు పిల్లల మెదడు ఎదుగుదలకు హానికరములు. 2022లో కేంద్ర ప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము పాత బ్యాటరీలను సేకరించి శుద్ధిచేయించు బాధ్యత తయారుచేయువారిదే. క్రొత్తది కొన్నచోట పాతది అప్పగించినచో ధరలో కొంత తగ్గింపు కూడ లభించును.

కావున కారు లేవని ఉదయమున ముందుగ పర్సు తీయక, ఈ ప్రశ్న వేసికొనుడు: దారిలో దిగినదా, నిలచియుండగ దిగినదా, నింపినను నిలువకున్నదా, నిండుగనుండియు కదలకున్నదా? ఈ నాలుగింటికి జవాబు చెప్పగలిగినవాడు బ్యాటరీ దుకాణమునకు పోవలసిన అవసరము చాలసార్లు కలుగదు. పోయినను, ఏల పోవుచున్నాడో తెలిసియే పోవును.